లోకుల మాట, శాసనపు వ్రాత



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొనిన విషయము మన నిత్యవ్యవహారములోనిదే. ఒక జాతి జనులను గూర్చి లోకమున నొక మాట పుట్టును. "వారింతే" యని యొకడనును. "ఔను, వారింతే" యని వేఱొకడు తలయూచును. కొంతకాలమున కా మాట సామెతయగును, కథయగును, పగటివేషగాని హాస్యమగును, తుదకు పుస్తకమగును. ఇంతవఱకు అది వట్టి మాటయే. కాని యొక్కొక్కప్పుడా మాట దొరతనమువారి కచ్చేరీకి పోయి, సెక్షనులు కట్టుకొని, ముద్ర వేయించుకొని, శాసనమై తిరిగివచ్చును. అట్లు వచ్చిననాడు దానికి ఠాణాయు, సంకెలయు, చెఱసాలయు తోడగును. మాట శాసనమైన తీరును, శాసనము పోయిన తరువాతను మాట నిలిచిన తీరును మన తెలుగునాట జరిగిన యొక చరిత్రవలన మనవి చేసెదను. ఆ చరిత్ర ఎఱుకలవారిది.

ముందుగా మీరందఱు నెఱిగిన భారతకథ నొకదానిని జ్ఞప్తికి తెచ్చెదను. మాండవ్యుడను మహర్షి తన యాశ్రమమున మౌనవ్రతము పూని తపస్సు చేసికొనుచుండెను. సొమ్ము దొంగిలించిన చోరులు, తలారులు వెంటదగులగా, ఆ యాశ్రమమున జొచ్చి దాగిరి. తలారులు వచ్చి మునిని ప్రశ్నించిరి. ఆయన పలుకలేదు. వెదకగా దొంగలును సొమ్మును నచ్చటనే దొరకినవి. "ఈతడును వీరిలోనివాడే" యని తలారులు నిశ్చయించిరి. రాజు విచారణ చేయక నమ్మెను. మునిని శూలమున నెక్కించిరి. పిమ్మట మాండవ్యుడు యమధర్మరాజు నొద్దకు పోయి, తాను చేసిన పాపమేమని యడిగెను. బాల్యమున పురుగులను పుల్లతో గ్రుచ్చితివని యముడు బదులు చెప్పెను. తెలియని ప్రాయమున చేసినదాని కింత దండనమా యని ముని కోపించి, పదునాలుగేండ్లలోపువారికి పాపమంటకుండునట్లు కట్టడ చేసెను. యముని మనుష్యుడై పుట్టుమని శపించెను. ఆ పుట్టినవాడే విదురుడు.

ఈ కథలో రెండు ధర్మములు కలవు. దొంగ ప్రక్కన కనబడినంతమాత్రమున నొకనిని దొంగ యనరాదు. పసివానిపై నేరము మోపరాదు. నేను చెప్పబోవు శాసనము ఈ రెండు ధర్మములను నొక్కమాటుగా త్రోసివేసినది.

ఎఱుకలవారెవరు? తమ్ము తాము "కుర్రు" అని చెప్పికొందురు. వారికి సొంత భాష కలదు. వారిలోని తెగల పేర్లు చాలవఱకు వారి వృత్తులనుబట్టి వచ్చినవి. ఉప్పు మోసి యమ్మినవారు ఉప్పు ఎఱుకలవారు. వెదురుదబ్బలతో బుట్టలు, చేటలు అల్లినవారు దబ్బ ఎఱుకలవారు. కరివేపాకు అమ్మినవారు కరివేపాకు ఎఱుకలవారు. ఆడువారు బుట్ట చంకను బెట్టుకొని యూరూర తిరిగి, చేయి చూచి సోదె చెప్పుదురు. ఎఱుక యనగా జ్ఞానము, తెలివి. ఆ పేరు చెడ్డపేరు కాదు.

మన సాహిత్యమున ఎఱుకలసాని కున్న మర్యాదను గమనింపుడు. యక్షగానములలో నాయిక విరహవేదనతో నున్నప్పుడు ఎఱుకలసాని రంగమున ప్రవేశించిన నది శుభమునకు సూచన. ఆమె నాయిక చేతిరేఖలు చూచి, మంచిదినములు వచ్చుచున్నవని చెప్పును. తిరుమలేశుని కల్యాణకథలో శ్రీనివాసుడంతటివాడు ఎఱుకలసాని వేషము వేసికొని ఆకాశరాజు నగరికి వెళ్లి పద్మావతికి ఎఱుక చెప్పినట్లు మన స్త్రీలు పాడుకొందురు. దేవుడు ధరింపదగిన వేషమని మన పూర్వులు తలచిన రూపమది. అదే మనిషి తరువాతి కాలమున పోలీసు పుస్తకములలో పుట్టుదొంగగా చిత్రింపబడెను. నడుమ జరిగినదేమో విచారింపవలెను.

పూర్వము సముద్రతీరపు ఉప్పును గాడిదలమీదను ఎద్దులమీదను వేసికొని ఎఱుకలవారు మెట్టసీమలకు తెచ్చెడివారు. తిరుగుప్రయాణమున ధాన్యమును, అడవిసరకులను కొనిపోయెడివారు. రోడ్లు లేని గ్రామములకు వారే అంగడి. రైతు వారి రాకకై యెదురుచూచెడివాడు. వారి మంద పంటచేనిలో విడిసిన నేలకు ఎరువగును గనుక రైతునకు సంతోషమే. 19వ శతాబ్దపు నడిమిభాగమునుండి ఈ బ్రతుకు చెదరనారంభించెను. రైలుమార్గములు పడినవి, ఉప్పు బస్తాలు బండ్లకెక్కినవి. ఉప్పుమీద దొరతనమువారి యధికారము బిగిసినకొలది చిన్న వర్తకుని చేతికి సరకు దొరకుట కష్టమయ్యెను. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామమున, మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనిన దానిలో, పశువులు లెక్కకు మిక్కిలిగా చచ్చినవి. పశువు లేనివానికి బరువుమోత వర్తకమెక్కడిది? దానిమీద 1882లో మదరాసు అటవీశాసనము వచ్చెను. వెదురు కొట్టుటకును, పశువును మేపుటకును అనుమతి కావలసివచ్చెను.

వర్తకమును పోయినది, అడవియు పోయినది. తిరుగుడు మాత్రము మిగిలినది. సరకుతో తిరుగునప్పుడు వర్తకుడని పిలిచిన లోకము, సరకు లేక తిరుగుచున్న యా మనుష్యునే అనుమానముతో చూడసాగెను. ఇల్లు లేదు, పొలము లేదు, ఏటికొక యూర విడిది. ఇట్టివాడెట్లు బ్రతుకుచున్నాడను ప్రశ్నకు సులభమైన జవాబు "దొంగతనముచేత" అనుటయే. ఆ జవాబునకు ఋజువు నెవరును కోరలేదు.

ఇట్టి జవాబును శాసనముగా మార్చు పద్ధతి అంతకుముందే యేర్పడియున్నది. 1836లో ఇంగ్లీషు కుంఫిణీవారు థగ్గులను గూర్చి యొక చట్టము చేసిరి. బాటసారులను ఉరిబిగించి చంపు ముఠాలు థగ్గులని వారు చెప్పిరి. ఫలానావాడు ఫలానావానిని చంపెనని నిరూపింపనక్కఱలేదు. థగ్గుల ముఠాకు చెందినవాడని తేలినచో యావజ్జీవము ఖైదు వేయవచ్చును. చేసిన పనికిగాక, చెందిన గుంపునకు శిక్ష విధించుట ఈ చట్టముయొక్క విశేషము. మూడేండ్లకు, 1839లో, నిజాము కొలువున నుద్యోగించిన మెడోస్ టెయిలర్ అను ఆంగ్లేయుడు థగ్గు కథానాయకుడుగా నొక నవల ప్రకటించెను. అది ఇంగ్లండున మిక్కిలి ప్రచారము పొందెను. హిందూదేశమును కన్నెత్తి చూడనివారికి సైతము, అచ్చట కొన్ని కులములు పుట్టుకతోనే హంతకులని మనస్సున బొమ్మ కట్టినది. చట్టము ముందు, కథ వెనుక. తరువాత కథ చదివిన తరమువారే క్రొత్త చట్టములు వ్రాసిరి. ఈ రెండును ఒకదాని నొకటి పెంచుకొనుచు పోయినవి.

1871లో నేరస్థజాతుల చట్టము పుట్టెను. దానిని సమర్థించినవారి వాదమేమనగా: ఈ దేశమున ప్రతి వృత్తియు కులమునుబట్టి వచ్చును, వడ్రంగి కొడుకు వడ్రంగి, సాలెవాని కొడుకు సాలెవాడు, కావున దొంగ కొడుకు దొంగ. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అను సామెత మనము కోపమువచ్చినప్పుడు వాడుదుము. ఆ సామెతలోని భావమే దొరతనమువారి శాసనసభలో శాస్త్రముగా చెలామణి అయ్యెను. మన వర్ణవృత్తులను గూర్చి వారికున్న పొడితెలివియు, సంచారులపై మన గ్రామములలోనున్న అనుమానమును అచ్చట కలిసికొన్నవని నాకు తోచును. కావున తప్పంతయు సముద్రమున కావలివారిదే యని చేతులు కడుగుకొనుటకు మనకును వీలులేదు.

ఆ చట్టము మొదట ఉత్తరహిందూస్థానమున అమలు జరిగి, 1911లో సవరింపబడి మన మదరాసు రాజధానికి విస్తరించెను. 1924లో మరల నొక్కటిగా కూర్చబడెను. దాని విధులను సంగ్రహముగ చెప్పెదను. ఏదైన నొక తెగను గాని, గుంపును గాని నేరస్థజాతియని దొరతనమువారు గెజెటులో ప్రకటింపవచ్చును. ఆ ప్రకటన సరియా కాదా యని న్యాయస్థానమున ప్రశ్నించుటకు వీలులేదు. ఆ తెగవారి పేర్లు పట్టీలో నెక్కించి వ్రేలిముద్రలు తీసికొందురు. నియమించిన వేళకు వారు హాజరు పలుకవలెను. ఊరు కదలవలెనన్న చీటి కావలెను. అనుమానము కలిగించు పరిస్థితులలో కనబడినంతనే మూడేండ్లవఱకు శిక్షింపవచ్చును. కొన్ని నేరములకు రెండవమాటు శిక్షపడిన ఏడేండ్లకు తక్కువ కారాదు, మూడవమాటైన ద్వీపాంతరము. ఇతరులు చేసిన నదే నేరమునకు ఇంత శిక్ష లేదు. ఆఱేండ్లు దాటి పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి శిక్షణశాలలలో నుంచుటకును ఆ చట్టము అధికారమిచ్చెను. పదునాలుగేండ్లలోపువానికి పాపమే అంటదనిన మాండవ్యుని కట్టడ యెక్కడ? ఆఱేండ్ల పిల్లవానిని తల్లియొడినుండి తీయుటకు కలమిచ్చిన ఈ కట్టడ యెక్కడ?

చట్టమునకు బలము చేకూర్చినవి పుస్తకములు. 1892లో మదరాసు పోలీసు ఉద్యోగి ముల్లాలీ ఈ రాజధానిలోని "నేరస్థవర్గములను" గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. 20వ శతాబ్దారంభమున రైల్వే పోలీసునందు పనిచేసిన పాపారావు నాయుడుగారు రైలుదొంగల చరిత్రను, కొరవ ఎఱుకలవారి చరిత్రను ఆంగ్లమున వ్రాసిరి. ఆయన పరదేశి కాడు, మనవాడే. 1909లో మదరాసు చిత్రవస్తుశాలాధ్యక్షుడుగా నుండిన థర్‌స్టన్ దొర దక్షిణదేశపు కులములను గూర్చి ఏడు సంపుటములు వెలువరించెను. ఆయన మనుష్యుల ముక్కులను, తలలను కొలిచి పట్టికలు వేసినవాడు. ఆ కొలతల విద్యను పోలీసువారికిని ప్రదర్శించి చూపినవాడు. ఇట్టి గ్రంథములలో పోలీసుల నివేదికలును, ఊరివారు చెప్పిన ముచ్చటలును కలిసియుండును. ఒక గ్రంథములోని ముచ్చట రెండవ గ్రంథమున ప్రమాణమగును. ఠాణాదారు దానిని చదివి యెఱుకలవానిని పట్టుకొనును. పట్టుకొనినవారి లెక్క మరల గ్రంథమున కెక్కును. ఇందు సత్యమెక్కడ ప్రవేశించెనో, ఎక్కడ తప్పిపోయెనో కనుగొనుట కష్టము.

ఇందులకు తిరుగులేని సాక్ష్యము దొరతనమువారి పట్టికలలోని పేర్లే. ఉప్పు ఎఱుకల, దబ్బ ఎఱుకల అని వృత్తినిబట్టి పేర్లు వచ్చినవని చెప్పితిని గదా. ఆ పట్టికలలో "దొంగ ఎఱుకల", "దొంగ ఒడ్డె", "దొంగ దాసరి" అను పేర్లు కులనామములుగా ముద్రింపబడినవి. కోపమున నూరివారు వాడిన తెలుగు తిట్టు ఇంగ్లీషు లిపిలోనికి పోయి రాజముద్ర పొందెను. ఉప్పు మోయుట యెట్లు వృత్తియో, దొంగతనము నట్లే యొక వృత్తియని తీర్మానమయ్యెను. ఆ పేరుతో పుట్టిన శిశువు నడకనేర్వకమునుపే దొంగ.

ఇక సెటిల్‌మెంటులను గూర్చి. బాపట్లకు చేరువను 1913-14 ప్రాంతమున స్టువర్టుపురమను వలస వెలసెను. మదరాసు గవర్నరుగారి కార్యాలోచనసభలోని హెరాల్డ్ స్టువర్టుగారి పేర దానికా నామము. దాని నిర్వహణమును సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవసంఘమున కప్పగించిరి. నెల్లూరు మండలమున కావలియందు అమెరికా బాప్టిస్టు మిషనువారి యాజమాన్యమున నింకొకటి యుండెను. గుంటూరు మండలమున సీతానగరము, కర్నూలు మండలమున సిద్ధాపురము మొదలగు చోట్లను ఇట్టివి యేర్పడినవి. అచ్చట బడులు పెట్టిరి, వైద్యము చేసిరి, కొంత భూమి నిచ్చిరి, ఇది కాదనరాదు. కాని వాకిట హాజరుపట్టీయు, వెలికి పోవుటకు చీటియు నుండెను. చీరాల పొగాకు కార్ఖానాకు స్టువర్టుపురమునుండి కూలీలు పోయిరి. కూలి వద్దని ఇష్టమువచ్చిన చోటికి పోవు స్వేచ్ఛ లేనివాని కష్టము అగ్గువకు దొరకుననుట వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇచ్చట మీలో నెవరైన నిట్లడుగవచ్చును: "అయ్యా, వారిలో దొంగతనములు చేసినవారే లేరా?" ఉండిరి. ప్రతి కులమునను ఉండిరి, ఉన్నారు. దొంగతనము చేసినవానిని విచారించి దండించుట రాజధర్మము. ఎఱుకలవాడైనను, భూస్వామియైనను, పండితుడైనను ధర్మమొకటే. నా యాక్షేపణము దండనమునకు కాదు; విచారణ లేని దండనమునకు. ఆకలిచే నొకడు దొంగిలించిన వాని యాకలిని మాన్పక, వాని మనుమనిని హాజరుపట్టీలో వ్రాయుట ధర్మము కాదు. మఱియొక సంగతి. మా యూర తప్పిపోయిన పశువు దొరకనప్పుడు ముందుగా చూపు పోవునది విడిది వేసిన సంచారివైపే. పట్టుబడినవారిలో సంచారులెక్కువ యుండుటకు, వెదకినది సంచారులలోనే యగుట యొక కారణము కాదా?

ఈ వ్యాధి మన దేశమునకే పరిమితము కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో, స్పానిషు భాష మాట్లాడు మెక్సికో మొదలగు దేశములనుండి వచ్చిన కుటుంబములవారిని లాటినోలందురు. కాలిఫోర్నియా యను రాష్ట్రము 1848 వఱకు మెక్సికోదే; ఆ దేశస్థులు తమ నేలమీదనే పరాయివారైరి. క్రొత్తగా వచ్చినవారు వారిని "గ్రీజర్లు", అనగా జిడ్డువాండ్రని, హేళనముగా పిలిచిరి. 1855లో ఆ రాష్ట్రమువారు సోమరిపోతులను శిక్షించు నొక చట్టము చేయుచు, అందులో ఆ తిట్టుమాటనే యక్షరములలో వ్రాసి, స్పానిషు రక్తమును ఆదిమవాసుల రక్తమును కలసిన సంతతివారని దానికి వివరణమునిచ్చిరి. మఱుసటి యేట ఆ మాటను తీసివేసిరి గాని చట్టమును దాని పేరునను ప్రజలు మఱువలేదు. మన "దొంగ ఎఱుకల" అను పట్టికకు ఈ "జిడ్డువాండ్ర" చట్టము తోబుట్టువు.

తరువాత సినిమా పుట్టెను. 1910వ దశకపు మూగచిత్రములలో మెక్సికోవాడనిన బందిపోటు, మోసగాడు. ఆ తిట్టుమాట చిత్రముల పేర్లలోనే యుండెడిది. దీనిని సహింపక మెక్సికో ప్రభుత్వము 1922లో, తమ ప్రజలను కించపఱచు చిత్రములు తీయు సంస్థల చిత్రములను తమ దేశమున నిషేధించెను. ఇరువదేండ్లకు, 1942లో, లాస్ ఏంజిల్స్ నగరమున నొక యువకుని మరణమును గూర్చి మెక్సికో సంతతి పిల్లలను అనేకులను పట్టుకొనిరి. అప్పుడొక పోలీసు అధికారి, ఈ పిల్లల క్రౌర్యము వారి పూర్వులైన అజ్టెకుల రక్తమునుండి వచ్చినదని విచారణసభ యెదుట నివేదించెను. 1943లో పదునేడుగురకు శిక్షలు పడెను. 1944 అక్టోబరులో పైన్యాయస్థానము సాక్ష్యము చాలదని ఆ శిక్షలను కొట్టివేసెను. ఆ పిల్లలలో పలువురు దాదాపు రెండేండ్లు చెఱలో గడపిరి. రక్తమునుబట్టి నేరమను మాట స్టువర్టుపురమున పలికినను, లాస్ ఏంజిల్సున పలికినను నొక్కటే.

మన చట్టము పోయిన విధము చెప్పెదను. యానాదుల సేవకు జీవితమును ధారపోసిన నెల్లూరు మండలవాసి వెన్నెలకంటి రాఘవయ్యగారివంటివారు ఈ చట్టము రద్దుకై చిరకాలము పాటుపడిరి. 1947లో మదరాసు రాజ్యమున దానిని రద్దుచేసిరి. 1949లో భారతప్రభుత్వమువారు నియమించిన విచారణసంఘమునకు, తిరుపతి ప్రాంతమువారైన మాడభూషి అనంతశయనము అయ్యంగారు అధ్యక్షులు. చట్టమును దేశమంతట తీసివేయవలెనని ఆ సంఘము చెప్పెను. 1952 ఆగస్టు 31వ తేదీన అది దేశమంతట రద్దయ్యెను. నాటినుండి ఆ జాతులను విముక్తజాతులందురు. 1976 నాటి కేంద్రచట్టమువలన తెలంగాణపు ఎఱుకలవారును, మన తండాలలోని లంబాడీలును షెడ్యూల్డు తెగల పట్టికలో చేరిరి. జాషువ కవిగారి కుమార్తె హేమలతయు, ఆమె భర్త లవణముగారును 1970వ దశకమున స్టువర్టుపురమునకు పోయి, చెఱసాలలు చూచిన కుటుంబములతో కలసిమెలసి, వారి పునరావాసమునకై పనిచేసిరి.

అయినను చట్టము పోయిన చోట దాని నీడ మిగిలెను. జాతినిబట్టి నేరము మోపుట మాని, మాటిమాటికి నేరము చేయువారని మనిషినిబట్టి పట్టీలు వ్రాయు అలవాటునేరస్థుల చట్టములు రాష్ట్రములలో వచ్చినవి. మాటలో భేదము మంచిదే. కాని పాతపట్టీలోని పేర్లే క్రొత్తపట్టీలోనికి నడచుట సులభము. కొన్ని రాష్ట్రముల జైలునిబంధనలలో సంచారజాతులవారిని పుట్టుకనుబట్టి అలవాటునేరస్థులుగా నెంచు మాటలు స్వరాజ్యము వచ్చిన డెబ్బదియేడేండ్ల వఱకును నిలిచియుండెను. 2024 అక్టోబరు 3వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము అట్టి నిబంధనలు రాజ్యాంగవిరుద్ధములని తీర్పు చెప్పెను. 1871లో వ్రాసిన మాటను తుడుచుటకు ఎన్ని తరములు పట్టినదో లెక్కించుకొనుడు.

శాసనమును న్యాయాధిపతి తుడువగలడు, బొమ్మను తుడుచువాడెవడు? 1991లో స్టువర్టుపురము పేర రెండు తెలుగు సినిమాలు వచ్చినవి. ఒకదాని పేరులో పోలీసు స్టేషను, రెండవదాని పేరులో దొంగలు. ఆ యూరిలో బడులున్నవి, పొలములున్నవి, ఉద్యోగములు చేయువారున్నారు. అవి సినిమా పేర్లలోని కెక్కలేదు. 2023లో స్టువర్టుపురపు గజదొంగ కథగా వచ్చిన "టైగర్ నాగేశ్వరరావు" అను చిత్రము తమ జాతిని, తమ యూరిని కించపఱచుచున్నదని ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. ఊరిపేరు చెప్పిన నుద్యోగమిచ్చువాడు వెనుదీయునను భయము ఆ యూరి పిల్లలకు పట్టుకొన్నచో, దానికి చట్టమక్కఱలేదు, బొమ్మయే చాలును.

ఇక మన గడపలోని సంగతి. మన పినపాక సీమ గోదావరికి ఈవలియొడ్డు, నిజాము రాజ్యము. ఆవలియొడ్డు భద్రాచలము 1860లో ఆంగ్లేయుల వశమై, 1959లో తిరిగి ఖమ్మము మండలమున చేరినది. రెండు ఒడ్లను కోయలు, కొండరెడ్లు ఉన్నారు. కోయవాడనిన పట్టణమువాని మనస్సున నేమి తోచును? నెమలిపింఛము తలకు దోపి, మూలికలమ్ముచు, వచ్చీరాని తెలుగుతో జోస్యము చెప్పు "కోయదొర". సినిమాలలోను, నాటకములలోను ఇదే వేషము. మన గూడెములలో నాగలి పట్టి దున్ను కోయరైతు ఆ వేషమును చూచిన నిది యెవరని అడుగును. ఇది హాస్యమని విడువవచ్చును. కాని అడవిని తగులబెట్టువాడు, నిలకడ లేనివాడు అను రెండవ బొమ్మ హాస్యము కాదు. పోడు చేయువాడు అడవికి శత్రువని అటవీయుద్యోగులు నూఱేండ్లకు పైగా వ్రాసిరి. తరతరములుగా దున్నిన నేలమీద వానికి ఆక్రమణదారుడను పేరు వచ్చెను. ఆ వ్రాతలవలన అడవిశాసనములు బిగిసినవి. 2006లో అటవీహక్కుల చట్టము వచ్చినప్పుడు, అడవిబిడ్డలకు చరిత్రలో అన్యాయము జరిగినదని ఆ చట్టముయొక్క పీఠికయే యొప్పుకొనెను.

వ్రాతలన్నియు చెఱుపే చేయునని నేననను. 1940వ దశకమున హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుడు మన కొండరెడ్ల నడుమను, ఆదిలాబాదు గోండుల నడుమను నివసించి, వారి భాష విని, వారి కష్టములు చూచి గ్రంథములు వ్రాసెను. 1945లో ప్రకటితమైన కొండరెడ్ల గ్రంథము వానిలో నొకటి. నిజాము ప్రభుత్వమువారు ఆయన సలహాను గైకొని ఆదిలాబాదు గిరిజనులకు భూమిపట్టాలిచ్చుటకును, వారి భాషలో బడులు పెట్టుటకును పూనుకొనిరి. చూచి, కలసియుండి వ్రాసినది మేలైన యేర్పాటులకు దారితీసినది. వినికిడి మాటలను పోగుచేసి వ్రాసినది హాజరుపట్టీకి దారితీసినది.

పెద్దలారా! ఇంత చెప్పుటకు కారణము మీ మాటకు గ్రామమునగల విలువయే. ఊర దొంగతనము జరిగినప్పుడు ఠాణాదారు ముందుగా నడుగునది మిమ్మునే. "ఎవరిమీద ననుమానము?" అని ఆయన యడుగగా మీరు కులము పేరు చెప్పిన, అది చిన్న శాసనమే. కంట చూచినదుండిన చూచినది చెప్పుడు. చూడనిచో చూడలేదని చెప్పుడు. బడిలో ఎఱుకల పిల్లవాని కూర్చున్నచోట పలక పోయినదని వాని సంచి మొదట వెదకినచో, అందఱి సంచులును వెదకుమని ఉపాధ్యాయునకు చెప్పుడు. షెడ్యూల్డు ప్రాంతమున గ్రామసభకు 1996 చట్టమువలనను, 2006 చట్టమువలనను అధికారములున్నవి. ఎవరు ఏ నేల దున్నుచున్నారో తేల్చు తీర్మానము మీ సంతకముతోనే పోవుచున్నది. ఆ కాగితమున "ఆక్రమణ" అను మాట వ్రాయుటకు ముందు, ఆ నేలమీద వాని తాత దున్నెనా యని వృద్ధుల నడిగి వ్రాయుడు.

మీ మనుమలు "వారింతే" యని పలికిన, "ఎవరు? ఏ పని చేసిరి? నీవు చూచితివా?" అని మూడు ప్రశ్నలడుగుడు. మాండవ్యుని కథలో రాజు ఈ మూడు ప్రశ్నలడిగియుండిన మునికి శూలము తప్పియుండెడిది.